గూగుల్ ఫ్యామిలీ లింక్: చాన్నాళ్లు వాడాక నాకు తెలిసింది

మాది మిర్యాలగూడ. ఫ్యామిలీ లింక్ అంటే పిల్లల ఫోన్‌ను మన ఫోన్ నుంచే అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్. ఏడో తరగతి చదివే మా బాబు ఫోన్‌లో ఇది పెట్టి చాలా కాలమైంది, కాబట్టి కొత్త మోజుతో కాకుండా వాడి తెలుసుకున్నవే రాస్తున్నా. డబ్బులేం కట్టక్కర్లేదు. పిల్లలది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే చాలు, మనది ఐఫోన్ అయినా నడుస్తుంది.

నాకు బాగా పనికొచ్చింది యాప్‌లకు అనుమతి. ప్లే స్టోర్‌లో వాడు కొత్తది ఏది నొక్కినా నా ఫోన్‌కు వస్తుంది, నేను ఒప్పుకుంటేనే దిగుతుంది. రాత్రి తొమ్మిదికి ఫోన్ దానంతటదే లాక్ అవుతుంది, అయినా మనం కాల్ చేస్తే ఎత్తొచ్చు, ఆ టెన్షన్ లేదు. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో, అంటే చూసినవి హిస్టరీలో మిగలని మోడ్, తెరుచుకోదు.

కానీ ఇది ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నాడో చెబుతుంది గానీ, అందులో ఎవరితో ఏం మాట్లాడాడో చెప్పదు. వాట్సాప్ మెసేజ్‌లు, గేమ్‌లో మైక్ మాటలు మనకు కనిపించవు. ఒకసారి ఒప్పుకున్న యాప్ అప్‌డేట్ అయితే మళ్లీ అడగదు కూడా.

ఇక ఇంట్లో మిగతా ఫోన్ల సంగతి. బాబు ఫోన్ లాక్ కాగానే మా అత్తమ్మ ఫోన్ అందుకునేవాడు, దాంట్లో ఏ కట్టడీ లేదు, పైగా ఆమె పింఛను పడే బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు అదే. ఓ రాత్రి ఆమె వంటింట్లోకి వచ్చి "పిల్లగాడు ఆడుతుంటే ఎవడో పెద్దోడు నంబర్ చెప్పమంటుండు, జర చూడు బిడ్డా" అన్నది. వెళ్లి చూస్తే గేమ్‌లో వాడుకునే డైమండ్లు ఫ్రీగా ఇస్తానని ఓటీపీ అడుగుతున్నాడు. వీడింకా చెప్పలేదు, బతికిపోయాం.

బాబును నేను కొట్టలేదు, కొడితే ఇంకోసారి దాస్తాడు. పక్కన కూర్చోబెట్టి ఓటీపీతో ఏం జరుగుతుందో చెప్పా. గేమ్‌లో వాయిస్ చాట్ ఆపేయించా, అత్తమ్మ ఫోన్‌లో ఆ గేమ్ తీసేసి ప్లే స్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి పిన్ పెట్టా, లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా చేశా. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పా, ఆ నంబరు అత్తమ్మ ఫోన్‌లోనూ సేవ్ చేసి ఉంది.

ఐదుకు నాలుగు ఇస్తా. పెట్టుకోండి, కానీ పిల్లల చేతికి అందే ప్రతి ఫోన్‌నూ ఆ రోజే చూసుకోండి.