లేత్ మీద చేసిన నాలుగు పెన్నులతో తొమ్మిదేళ్లు

పెన్ను చేతికొచ్చిన రోజే రాసే సమీక్షల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆ రోజు ఏ పెన్నైనా బాగానే ఉంటుంది. మెరుగు తగ్గదు, మరలు బిగువుగా ఉంటాయి, ఇంకు ఇంకా ఎక్కడికీ పాకి ఉండదు. నా దగ్గర లేత్ మీద, అంటే ముక్కని గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం మీద, చేత్తో చేసిన ఫౌంటెన్ పెన్నులు నాలుగున్నాయి. ఒకటి ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, ఒకటి కర్ర, ఒకటి గేదె కొమ్ము, ఇంకొకటి కేసీన్, అంటే పాలలోని ప్రొటీన్‌తో చేసే గట్టి పదార్థం. మొదటిది కొని తొమ్మిదేళ్లు దాటింది, చివరిది కొని నాలుగేళ్లు. రోజూ రెండు పేజీలైనా రాస్తాను కాబట్టి వీటిలో ఏదీ పెట్టెలో ఉండిపోలేదు.

ముందుగా ఒక మాట చెప్పాలి. "ఆ కర్ర పెన్ను ఎలా రాస్తుంది?" అని చాలామంది అడుగుతారు. రాత కర్రది కాదు, పాళీది. లేత్ మీద పెన్నులు చేసేవారిలో ఎక్కువమంది పాళీలు సొంతంగా చేయరు. జర్మనీలోని బాక్, జోవో లాంటి కంపెనీల దగ్గర కొని బిగిస్తారు. నా నాలుగు పెన్నుల్లోనూ 6 నంబరు స్టీలు పాళీలే ఉన్నాయి. కళ్లు మూసుకుని రాస్తే చప్పుడు బట్టి ఏది ఏదో చెప్పలేను. పదార్థం తేడా తెలిసేది వేళ్లకి, ఆ తర్వాత కాలానికి.

ఎబొనైట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా మూడింటినీ నేను దానితోనే పోల్చుకుంటాను. ఇప్పుడు ఇది అరుదుగా కనిపిస్తుంది గానీ, ఫౌంటెన్ పెన్నులు వాడకంలోకి వచ్చిన కొత్తలో ఎక్కువగా దీనితోనే చేసేవారు. రబ్బరులో గంధకం బాగా దట్టించి వేడి చేస్తే గట్టిపడి వచ్చేదే ఎబొనైట్. మామూలు రబ్బరులో గంధకం రెండు మూడు శాతం ఉంటే, ఇందులో 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. 1851లో అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అరచేతిలో కాసేపు రుద్దితే ఆ గంధకం వాసన వస్తుంది. నాకు ఇష్టమైన వాసన అది.

పట్టుకోగానే చల్లగా తగలదు. చేతికి చెమట పట్టినా లోహం పెన్నులాగా జారదు. ఇంకుకి చెడిపోదు కాబట్టి లోపల కన్వర్టర్ (ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం) అక్కర్లేదు, గొట్టంలోనే నేరుగా ఇంకు పోసుకోవచ్చు. కన్వర్టర్‌లో ముప్పావు మిల్లీలీటరు పట్టడమే కష్టం. నా పెన్నులో 3 మిల్లీలీటర్లు పడుతుంది, రెండు వారాలు హాయిగా వస్తుంది. అయితే ఇలా నేరుగా ఇంకు పోసే పెన్నులకి ఒక గుణం ఉంది. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి నెడుతుంది. పెన్ను కక్కడం అంటే ఇదే. గొట్టం గోడ ఎంత మందంగా ఉంటే ఈ బాధ అంత తక్కువ. నా పెన్ను గోడ రెండు మిల్లీమీటర్లకి పైనే ఉంది. అయినా బాగా వేడిగా ఉన్న రోజుల్లో, పావు వంతు ఇంకు మిగిలినప్పుడు, కాగితం మీద బొట్టు పడింది. ఇప్పుడు సగం అవగానే నింపేస్తాను.

ఎబొనైట్‌లో లోపం రంగు. కిటికీ పక్కన కూర్చుని రాస్తాను. మూడో ఏడు వచ్చేసరికి నల్లటి పెన్ను ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి తిరిగింది. క్యాప్ కింద దాగి ఉండే భాగం మాత్రం నల్లగానే ఉంది, క్యాప్ తీస్తే గీత గీసినట్టు తేడా కనిపించేది. వెలుతురు, తేమ కలిసి పైపొరలోని గంధకం మీద చేసే పని ఇది. చేసినాయనకి చూపిస్తే సన్నటి ఉప్పు కాగితంతో పైపొర తీసి మళ్లీ మెరుగు పెట్టారు, లోపల అదే నలుపు. అప్పటినుంచి రాయనప్పుడు గుడ్డసంచిలో పెడుతున్నాను, మళ్లీ రంగు మారలేదు.

ఇక కర్ర పెన్ను. నాలుగింటిలో చూడడానికి అందమైనది ఇదే, నన్ను బాగా ఏడిపించిందీ ఇదే. చేవదేరిన ముదురు కర్ర, పొడుగునా నల్లటి చారలు, అద్దంలాంటి మెరుగు. కొన్న రెండు నెలలకే ఉదయం తెరిస్తే పాళీ ఎండిపోయి ఉండడం మొదలైంది. ఆరు నెలలకి క్యాప్ బిగించే మరలు పొడిపొడిగా రాలాయి. ఏడాది తిరిగేలోపు పాళీ దగ్గర కర్రలోకి నీలం మరక పాకింది. చేసినవాళ్లకి రెండుసార్లు రాశాను, కర్ర అంటే అలాగే ఉంటుందని జవాబొచ్చింది. అది నిజం కాదని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఎబొనైట్ పెన్ను చేసినాయన దగ్గరికే దీన్నీ తీసుకెళ్లాను. "పైన ఇంత బాగా చేశారు కదండీ, లోపల ఎందుకిలా అయింది?" అన్నాను. ఆయన క్యాప్ లోపలికి టార్చి వేసి చూపించారు. లోపల పచ్చి కర్ర. "పైన మెరుగు పెట్టి వదిలేశారండి. కర్రంటే సన్నగొట్టాల కట్ట. తెరిచి వదిలితే గాలీ తాగుతుంది, ఇంకూ తాగుతుంది" అన్నారు.

ఆ రోజు లేత్ పక్కన నిలబడి చూసింది నాకు బాగా గుర్తుంది. క్యాప్‌ని చక్‌లో, అంటే లేత్ పట్టులో, బిగించి లోపలి బెజ్జాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేశారు. డ్రిల్లు లోపలికి వెళ్లేది అరంగుళం కూడా కాదు, వెంటనే బయటికి లాగి పొట్టు దులిపి మళ్లీ పెట్టేవారు. ఒక్క ఊపులో తోస్తే వేడికి కర్ర చీలుతుందట. తర్వాత సన్నటి ఎబొనైట్ గొట్టం లేత్ మీద చేసి, ఎపాక్సీ జిగురుతో లోపల అతికించారు. మరునాడు ఆ ఎబొనైట్‌లోనే మరలు కోశారు. పాళీ బిగించే పట్టు భాగం కర్రది తీసేసి పూర్తిగా ఎబొనైట్‌ది చేశారు. ఇప్పుడు కర్రకి ఇంకు ఎక్కడా తగలదు. ఐదేళ్లయింది. వారం రోజులు ముట్టుకోకపోయినా తెరవగానే రాస్తోంది.

కర్రని గాలి తీసిన పాత్రలో పలచటి రెసిన్‌లో ముంచి, తర్వాత వేడి చేసి గట్టిపరిచే పద్ధతి ఉంది. స్టెబిలైజ్ చేయడం అంటారు. మెత్తటి, పుచ్చు పట్టిన కర్ర కూడా అలా పెన్నుకి పనికొస్తుంది. దేవదారు కాయలు, మొక్కజొన్న కండెలు, కాఫీ గింజలు రెసిన్‌లో పోతపోసి చేసినవి కూడా ఇదే కుటుంబం. వాటిని నేను స్నేహితుల చేతుల్లో చూశానే తప్ప ఎక్కువకాలం వాడలేదు.

కేసీన్ పెన్ను గురించి రాయాలంటే కొంచెం బాధగా ఉంటుంది. అంత లోతైన రంగు నేను మరే పెన్నులోనూ చూడలేదు, రాయి తడిసినట్టు ఉంటుంది. పాల ప్రొటీన్‌ని ఫార్మలిన్‌లో నానబెట్టి గట్టిపరుస్తారు. ముక్క మందమయ్యేకొద్దీ అందుకు వారాలు, నెలలు పడుతుంది. కానీ ఎంత గట్టిపడినా దీనికి నీళ్లు పడవు. ఇంకు రంగు మార్చేటప్పుడు మిగతా పెన్నుల్లాగే దీన్నీ రాత్రంతా నీళ్లలో ఉంచాను. పొద్దున మరలు ఉబ్బి క్యాప్ ఎక్కలేదు. నెమ్మదిగా ఆరబెడితే ఎక్కింది గానీ, గొట్టం కొద్దిగా వంగింది. బల్ల మీద దొర్లిస్తే తెలుస్తుంది. కన్వర్టర్‌తో మాత్రమే, తడిగుడ్డతో తుడుస్తూ వాడుతున్నాను. ఇష్టంగానే వాడుతున్నాను.

కొమ్ము పెన్ను గురించి చెప్పడానికి తక్కువే. మన గోళ్లలో ఉండే కెరటినే ఇదీ. చేతిలో చాలా సుఖంగా ఉంటుంది, తేలిక. వాతావరణం పొడిగా మారితే చివర్లో పొరలు లేస్తాయి, ఏడాదికి రెండుసార్లు కొద్దిగా నూనె రాయాలి. పట్టు భాగం ఇందులోనూ ఎబొనైట్‌దే కాబట్టి ఇంకు గొడవ లేదు.

కొనాలనుకునేవారు చూడాల్సింది బయటి మెరుగుకంటే ముందు మరలు. క్యాప్ మరలు మూడు వరుసలుగా కోసి ఉంటే ఒకటింపావు తిప్పులో ఊడి వస్తుంది, ఒకే వరుసైతే చాలాసార్లు తిప్పాలి. రోజుకి ఇరవైసార్లు తెరిచేవాళ్లకి అది పెద్ద తేడా. క్యాప్ లోపల వేలు పెట్టి చూడండి, గరుకుగా తగిలితే అస్తరు ఉందా అని అడగండి. పాళీ యూనిట్ మరతో ఊడి వస్తుందో, అతికించేశారో కూడా అడగండి. అతికిస్తే పాళీ పాడైన రోజున పెన్ను మొత్తం పోయినట్టే.

ఐదో పెన్నుకి పోయిన నెలే ఎబొనైట్ పెన్ను చేసినాయనకి చెప్పాను. బురద నేలల్లో వేల ఏళ్లు పాతుకుపోయి నల్లబడిన ఓక్ కర్రతో. పట్టు భాగం, మరలు, క్యాప్ అస్తరు, అన్నీ ఎబొనైట్‌వే కావాలన్నాను. ఆయన కర్ర ముక్కని కోసి, ఆరడానికి పక్కన పెట్టారు. మూడు నెలలు అలాగే ఉంచి, అప్పటికీ వంగకపోతేనే లేత్ ఎక్కిస్తానన్నారు.