మెదక్, గుణదల, వేళాంగణి: మనసు విరిగిపోయినవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళ కోసం

ఈ మూడు క్రైస్తవ గుళ్ళకీ అమ్మతో కలిసి వెళ్ళొచ్చాం. మేం కేథలిక్కులం, నాన్న పోయాక అమ్మ చర్చిలో పూజకి రావడం మానేసింది, ఆయన మంచంలో ఉన్నప్పుడు విసుగులో ఒక మాట అనేసిందట, దానికి దేవుడు క్షమించడని మనసులో గట్టిగా పెట్టేసుకుంది. నేనూ పిన్నీ ఎంత చెప్పినా వినలేదు. అందుకే ఇది మామూలు టూర్ రివ్యూలా కాకుండా, అలాంటి మనిషిని వెంటబెట్టుకుని వెళ్తే ఏ చోటు ఎలా ఉంటుందో చూసి రాస్తున్నా.

మొదట మెదక్ చర్చి. సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి ఆర్టీసీ బస్సులు బాగానే ఉన్నాయి, దూరం వంద కిలోమీటర్ల లోపే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు కాబట్టి రూమ్ అక్కర్లేదు. కరువులో జనం ఆకలితో అల్లాడుతుంటే పోస్నెట్ అనే మిషనరీ దొర ఊరికే గింజలు పంచకుండా పని చూపించి తిండి పెడుతూ కట్టించిన గుడి ఇది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగులు. ఆశ వదిలేసుకున్నవాళ్ళ చేతులతోనే లేచిన కట్టడం అని తెలిసి చూస్తే ఆ రాళ్ళు వేరేగా కనిపిస్తాయి. రంగు అద్దాల కిటికీల్లో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటాయి, బయటి వెలుగు పడితేనే బొమ్మ తెలుస్తుంది కాబట్టి పగలే వెళ్ళండి. ఆదివారం, క్రిస్మస్ సీజన్ మాత్రం వద్దు, ఫోటోల జనంతో కూర్చునే చోటు కూడా దొరకదు. మేం మామూలు రోజున వెళ్ళాం, అమ్మ సిలువ కిటికీ ఎదురుగా చాలాసేపు కూర్చుంది, ఏం మాట్లాడలేదు, కానీ లేద్దాం అని కూడా అనలేదు. అయితే అది సీఎస్ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘం గుడి, మా కేథలిక్ పద్ధతిలో పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర ఒంటరిగా తప్పు ఒప్పుకుని క్షమాపణ పొందడం, అక్కడ ఉండదు, అమ్మకి కావాల్సిందేమో అదే.

అందుకే గుణదల మేరీమాత గుడి. విజయవాడ స్టేషన్ నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. బస్టాండ్ దగ్గర దిగిన లాడ్జి గురించి ఏం చెప్పను, ఆన్‌లైన్‌లో చూపించిన రూమ్ ఒకటి, ఇచ్చింది ఇంకొకటి, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్ళుంటే బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు, లక్షల్లో వస్తారు, తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, మన ఊరి తిరునాళ్ళే. నమ్మకం చూడాలంటే అప్పుడెళ్ళాలి. బరువు దించుకోవాలంటే మామూలు రోజు. కొండ మీద సిలువ దాకా మెట్లు ఎక్కాలి, ఎండెక్కకముందే మొదలుపెట్టండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద మాత గుహ దగ్గరే జపమాల చెప్పుకున్నా చాలు, ఎక్కలేకపోయామే అని బాధపడక్కర్లేదు.

పొద్దున పూజ అయ్యాక ఫాదర్‌ని అడిగితే ఆగారు. అమ్మ లోపల ఏం చెప్పిందో మాకు తెలీదు, తెలియకూడదు కూడా. బయటికొచ్చాక ఒక్క మాటే చెప్పింది, "ఆయన నన్ను తిట్టలేదే, నాన్న ఆత్మశాంతికి ప్రార్థించమన్నారు అంతే" అని. ఆ తర్వాతి పూజలో సత్ప్రసాదం, అంటే ఫాదర్ ఇచ్చే అప్పం, తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. దేవుడు క్షమిస్తాడని మేం ఇంట్లో ఎన్నిసార్లు అన్నామో, కానీ ఆ మాట ఆయన పేరు మీద, అమ్మ భాషలో, తొందరపెట్టకుండా చెప్పే మనిషి నోటి నుంచి వచ్చేదాకా అమ్మకి అందలేదు. నా లెక్కలో ఈ మూడింటిలో గుణదలకే మొదటి మార్కు, అందులోనూ రద్దీ లేని గుణదలకి.

తమిళనాడులోని వేళాంగణి మాత గుడికి ఆ తర్వాత వెళ్ళాం, మొక్కు తీర్చుకోడానికి. చెన్నై ఎగ్మోర్ నుంచి నాగపట్నం దాకా రాత్రి రైలు, అక్కడి నుంచి బస్సు. గుడివాళ్ళ రూములు సాదాగా, శుభ్రంగా ఉన్నాయి, ముందే బుక్ చేసుకోండి, ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా పండగ కాబట్టి అప్పుడు ఆశ పెట్టుకోవద్దు. ఇసక దారిలో మోకాళ్ళ మీద నడిచేవాళ్ళని చూసి అమ్మ నేనూ చేస్తానంది, పిన్ని వద్దంది, చివరికి నడిచే వెళ్ళింది. సముద్రం పక్కనే, 2004 సునామీలో ఆ ఒడ్డున ఎంతోమంది యాత్రికులు పోయారు, వాళ్ళ కోసం కూడా ఒక కొవ్వొత్తి వెలిగించాం. తిండి ఫర్వాలేదు, మన కారం దొరకదు. షాపులవాళ్ళు చాలామంది తెలుగు మాట్లాడతారు. నిరాశలో మునిగున్న మనిషికి మాత్రం ఇంత ప్రయాణం, ఇంత జనం మొదటే పెట్టొద్దు, కాస్త తేరుకున్నాక తీసుకెళ్ళండి. తెలుగు పూజ కూడా ఉంటుంది, టైము మారుతుంటుంది కాబట్టి దిగిన సాయంత్రమే గుడి ఆఫీసులో కనుక్కోండి, పాపసంకీర్తనానికి తెలుగు వచ్చిన ఫాదర్ ఎవరున్నారో కూడా అప్పుడే అడగండి.