నల్గొండలో ఇంటి బోరు: పాయింట్ మార్చమన్న రిగ్ వాళ్లకే నా మార్కులు

పానగల్ వైపు మా ఇంట్లో మామిడి, నిమ్మ, కూరగాయల మడి కోసం బోరు వేయించాం. తాగడానికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లున్నాయి, ఇక్కడి భూగర్భ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నల్గొండవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. పని చేసింది టౌన్‌లోని ఒక రిగ్ (బోరు తవ్వే బండి) ఏజెన్సీ. ఐదుకు నాలుగు ఇస్తున్నా.

పాయింట్, అంటే బోరు ఎక్కడ వేయాలో చూసినాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తిరిగి, పెరటి మూలన ప్రహరీ పక్కనే సున్నం గుర్తు వేసి పోయాడు. రిగ్ మేస్త్రీ రాగానే అడిగింది నీళ్ల గురించి కానే కాదు, సెప్టిక్ ట్యాంకు, సోక్‌పిట్ (మురుగు నీరు నేలలోకి ఇంకే గుంత) ఎక్కడున్నాయి, మీవే కాదు పక్కింటివి కూడా చూపించండి అన్నాడు. గోడ అవతలే పక్కింటి సోక్‌పిట్, టేపు పెడితే పాతిక అడుగులు కూడా లేదు. సోక్‌పిట్‌కీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దగ్గరదగ్గర 60 అడుగులు ఉండాలని ఐఎస్ 2470 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. మాది చెట్లకే కదా అనొచ్చు, కానీ మన కింద ఉన్నది గ్రానైటు బండ, మురుగు ఒక్కసారి బోరు వెంట దిగి పగుళ్లలో పడిందంటే వడకట్టడానికి అక్కడ మట్టి ఉండదు, రేపు ఎవరి బోరులో తేలుతుందో చెప్పలేం. ఆ మూలన వేయనని తేల్చి చెప్పాడు, ముందువైపు గేటు దగ్గరికి మార్చాడు. నాకు బాగా నచ్చింది ఇదే.

కాగితాల విషయంలోనూ అంతే. నీరు, భూమి, చెట్ల రక్షణకు పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, సర్కారు తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా తవ్వకూడదు. వీళ్లు అనుమతి కాగితం చూశాకే బండి పంపారు. అంతకుముందు మేం అడిగిన ఇంకొకరైతే రాత్రికి రాత్రే వేసేస్తాం, కాగితాలెందుకన్నారు, అలాంటివాళ్లను దగ్గరికి రానివ్వకండి.

కేసింగ్, అంటే బోరు పైభాగంలో దింపే పైపు దగ్గర కూడా తొందరపడలేదు. ఎర్రమట్టి పోయి నల్లా తెల్లా కలిసిన రవ్వ ఎగురుతుంటే మేస్త్రీ గుప్పిట్లో పట్టి నలిపి చూసి, ఇంకా మెత్తగుంది అని మరికొంత దింపించాడు. పైపు గట్టి బండలో కూర్చున్నాకే కిందికి పోయారు, లేకపోతే పై మురుగంతా పైపు పక్కనుంచి లోపలికే. కేసింగ్ బిల్లు అడుగుల లెక్కన వేరుగా వేస్తారు, డ్రిల్లింగ్ రేటు లోతు పెరిగేకొద్దీ మారుతుంది, రెండూ ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇల్లు కట్టబోయేవాళ్లు పునాది తీయకముందే బోరు వేయించుకోవడం మంచిది. గోడలు లేచాక ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలే మీటరు వెడల్పు సందులోకి రిగ్ బండి దూరదు, పైన కరెంటు తీగలుంటే బండి మీది పొడవాటి స్తంభం (మాస్ట్) లేపనివ్వరు. మా గేటు దగ్గర తీగలు అడ్డం లేవు కాబట్టి పని సాగింది.

ఒక మార్కు తగ్గించింది తవ్వకపు బురద కోసం తీసిన గుంత వల్ల. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల్లో కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె, పైన మూత, పని అయ్యాక గుంతలు పూడ్చడం అన్నీ ఉన్నాయి. దిమ్మె, మూత చక్కగా పెట్టారు గానీ గుంత సగం పూడ్చి వెళ్లిపోయారు, ఫోన్ చేస్తే రేపు మాపు అన్నారు. చివరికి ట్రాక్టర్ మట్టి మేమే తోలించుకున్నాం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గుంత పూడ్చాకే ఆఖరి డబ్బులివ్వండి.