రిగ్లీ ఫీల్డ్ చుట్టుపక్కల: బస, భోజనం, బీరు

షికాగోలో బేస్‌బాల్ చూస్తామని అడిగే మనవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒకటే. కబ్స్ జట్టు సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో శుక్రవారం మధ్యాహ్నం ఆడే ఆటకి టికెట్ తీసుకోండి, గది మాత్రం మైదానం గుమ్మం ముందు తీసుకోకండి. ఆ పేటలోనే కొన్నేళ్లు అద్దెకున్నాను. తర్వాత శివారులోని నేపర్‌విల్‌కి మారినా చుట్టాలొచ్చినప్పుడల్లా, ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు అడిగినప్పుడల్లా అక్కడికే తీసుకెళ్తున్నాను, కాబట్టి ఇది ఒక్కరోజు చూసొచ్చి రాసింది కాదు.

శుక్రవారమే ఎందుకంటే, ఈ మైదానం 1914లో కట్టింది, ఊరి బయట కాదు, ఇళ్ల మధ్యలో ఉంటుంది. చుట్టూ కాపురాలే. అందుకే 1988 దాకా ఇక్కడ ఫ్లడ్‌లైట్లు లేవు. పెట్టాక కూడా రాత్రి ఆటలకి ఊరివాళ్లు పరిమితి పెట్టారు, దాంతో శుక్రవారం ఆటలు ఎక్కువగా మధ్యాహ్నం 1.20కే మొదలవుతాయి. 2023లో బౌలర్‌కి, అంటే పిచర్‌కి, గడియారం పెట్టినప్పటి నుంచీ ఆట రెండున్నర, రెండుముప్పావు గంటల్లో అయిపోతోంది. నాలుగు గంటలకల్లా బయటపడితే సాయంత్రమంతా మన చేతిలో ఉంటుంది, పిల్లలున్నా పెద్దవాళ్లున్నా ఇబ్బంది ఉండదు.

ఇక బస. మైదానానికి సరిగ్గా ఎదురుగా క్లార్క్ వీధిలో హోటల్ జాకరీ ఉంది. 2018లో తెరిచారు, ఆ మైదానం గీసిన ఆర్కిటెక్ట్ జాకరీ టేలర్ డేవిస్ పేరే పెట్టారు. గదులు బాగుంటాయి, కింద తినడానికి నాలుగైదు చోట్లున్నాయి, వీధి వైపు గది దొరికితే మైదానం గుమ్మం మీది ఎర్ర బోర్డు కిటికీలోంచే కనిపిస్తుంది. పెళ్లిరోజుకో, బేస్‌బాల్ పిచ్చి ఉన్న బావగారి కోసమో ఒక్క రాత్రి అయితే పెట్టొచ్చు. కానీ ఆట ఉన్న వారాంతంలో రేటు మామూలు రోజులకంటే బాగా పెరిగిపోతుంది, దానిపైన షికాగోలో హోటల్ పన్ను 17 శాతం పైమాటే, బుక్ చేసే పేజీలో మొదట కనిపించే అంకె చూసి లెక్కలు వేసుకోవద్దు.

ఆ వీధిలోనే చవగ్గా దొరికే అద్దె ఫ్లాట్లంటే నాకు అసలు నమ్మకం లేదు. ఒకసారి మా పిన్నీ బాబాయీ వచ్చినప్పుడు అలాంటి ఒకదాన్లో దిగాం. ఫొటోల్లో ఎంతో శుభ్రంగా ఉంది, కింద బార్ ఉందన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. రాత్రి రెండింటిదాకా పాటలు, అరుపులు, సీసాలు పారేసే చప్పుడు, బాబాయి పాపం బీపీ మాత్ర వేసుకుని మంచం మీద కూర్చునే ఉన్నారు. పెద్దవాళ్లతో వెళ్తే క్లార్క్, అడిసన్ మూలకి రెండు మూడు వీధుల దూరం పాటించండి.

నాకు బాగా నచ్చింది సరస్సు వైపు బ్రాంప్టన్ వీధిలో ఉన్న మెజెస్టిక్ హోటల్. చిన్నది, పాతకాలపు భవనం, చుట్టూ చెట్లు, ఆటకి నడిచి పావుగంటలో వెళ్లిపోవచ్చు, పొద్దున లేస్తే మిషిగన్ సరస్సు ఒడ్డున నడక. ఖర్చు తగ్గించుకోవాలనుకునే విద్యార్థులకైతే సౌత్ లూప్‌లో హెచ్ఐ షికాగో హాస్టల్ ఉంది. మంచానికింత అని తీసుకుంటారు, దగ్గర్లోనే హారిసన్ స్టేషన్లో రెడ్ లైన్ రైలు ఎక్కితే నేరుగా అడిసన్‌లో, మైదానం పక్కన దిగుతారు. రెడ్ లైన్ రాత్రీ పగలూ నడుస్తుంది, టికెట్ కోసం వెతుక్కోనక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు.

తిండి దగ్గరికొస్తే, మన వాళ్లకి ఈ పేట ఎంత అనుకూలమో చాలామందికి తెలియదు. హాల్‌స్టెడ్ వీధిలో షికాగో డైనర్ ఉంది, 1983 నుంచీ పూర్తి శాకాహారం. మైదానం నుంచి పది పన్నెండు నిమిషాల నడక. అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఏ దేశమెళ్లినా బ్రెడ్డూ సలాడేనా అని విసుక్కునేది, ఇక్కడ మాత్రం మెనూలో ఏదైనా అడగొచ్చు అన్నాక మొహం విప్పారింది. వాళ్ల రూబెన్ శాండ్‌విచ్, పాలు లేని మిల్క్‌షేక్ రెండూ తప్పకుండా తీసుకోండి. ఉపవాసాలు, నియమాలు ఉన్నవాళ్లు మాత్రం ఉల్లి, వెల్లుల్లి సంగతి అడిగి తీసుకోవాలి.

పొద్దున టిఫినుకి బెల్మాంట్ వీధిలో ఆన్ సాథర్. స్వీడన్ వాళ్ల పద్ధతి హోటలు, అరచేతికంటే పెద్ద సినమన్ రోల్స్ వేడివేడిగా ఇస్తారు. ఒక్కరు ఒకటి పూర్తి చేయడం కష్టం. శని, ఆదివారాల్లో పది దాటితే వరుస ఉంటుంది, తొమ్మిదికల్లా వెళ్లండి. టీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, మా మామయ్యగారు ఈ ఒక్క విషయంలోనే ఇప్పటికీ ఆ హోటల్‌ని క్షమించలేదు.

షికాగో హాట్‌డాగ్ గురించి ఒక ముఖ్యమైన మాట. గసగసాలు చల్లిన బన్ను, పసుపు రంగు ఆవపేస్టు, ఉల్లిపాయ, టమాటా, ఊరగాయ దోసకాయ ముక్క, చిన్న పచ్చిమిరపకాయలు, సెలరీ ఉప్పు, ఇంత హంగామా చూసి నోరూరుతుంది కానీ లోపలి సాసేజ్ సాధారణంగా పూర్తిగా బీఫ్. తిననివాళ్లు అడిగి తీసుకోండి. తినేవాళ్లయితే మైదానంలో కాకుండా ఇర్వింగ్ పార్క్ రోడ్డులో బైరన్స్ దగ్గర తినండి, చవక, రుచీ ఎక్కువే. డీప్ డిష్ పిజ్జా తినాలనుంటే ఆటకి ముందు పెట్టుకోకండి. ఆర్డరిచ్చాక ముప్పావుగంట పడుతుంది, ఒక ముక్క తింటే కడుపు నిండిపోయి ఎండలో కూర్చోలేరు.

లోపల తిండి ధరలు మండిపోతాయి. కానీ బయటి తిండిని లోపలికి తెచ్చుకోనిస్తారు, ఇది చాలామందికి తెలియదు. ఉప్పల్ స్టేడియంలో మంచినీళ్ల సీసా కూడా గేటు దగ్గరే వదిలేసి వెళ్లిన మా తమ్ముడికి, ఇక్కడ డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్లామంటే నమ్మబుద్ధి కాలేదు. సీలు తీయని నీళ్ల సీసా పర్లేదు, గాజు సీసాలు, మందు కుదరవు. సంచి కొలతల నియమాలు సీజన్‌కి సీజన్‌కి మారుతుంటాయి, వెళ్లే ముందు జట్టు సైట్లో చూసుకోండి. వేరుశనక్కాయలు మాత్రం బయట ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్ల దగ్గర కొనండి, అదే పొట్లం లోపల ఎంతో ఎక్కువ.

సీటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తిండీ బసా ఎంత కుదిరినా ఇక్కడ సీటు తప్పితే రోజంతా పోతుంది. పాత మైదానం కాబట్టి పైఅంతస్తుని మోసే స్తంభాలు 200 వరస సీట్లకి అడ్డొస్తాయి, చవగ్గా దొరికితే స్తంభం వెనకేమో చూసుకోండి. హోమ్ ప్లేట్, అంటే బ్యాట్ పట్టుకుని నిలబడే చోటు, నైరుతి మూలలో ఉంది. కాబట్టి మధ్యాహ్నం దాటాక మూడో బేస్ వైపు ముందుగా నీడ పడుతుంది, జులైలో అది వరం, ఏప్రిల్‌లో అదే నీడలో సరస్సు గాలికి వణికిపోతారు. ఏప్రిల్‌లో వచ్చే చుట్టాలకి నేనైతే స్వెట్టర్, టోపీ రెండూ ఇచ్చి తీసుకెళ్తాను. అవుట్‌ఫీల్డ్ వెనక బ్లీచర్స్‌లో సీటు నంబర్లుండవు, ముందొచ్చినవాళ్లదే చోటు, కుర్రాళ్లకి అక్కడే సరదా. గోడ మీద తీగలూ, మనుషులు లోపల కూర్చుని చేత్తో అంకెలు మార్చే స్కోరుబోర్డూ రెండూ 1937 నాటివి, వాటిని చూస్తూ కూర్చోవడం నాకు ఇప్పటికీ ఆటంత ఇష్టం.

తాగేవాళ్ల కోసం. క్లార్క్, అడిసన్ మూలలో ఉండే పెద్ద పెద్ద బార్లలో ఆటకి ముందు నిలబడ్డానికి కూడా చోటుండదు, ఒక్కసారి లోపలికెళ్లి చూసొస్తే చాలు. వేవ్‌లాండ్, షెఫీల్డ్ మూలన బ్లీచర్స్ గేటు ఎదుట మర్ఫీస్ బార్ ఉంది. అదీ కిక్కిరిసే ఉంటుంది కానీ ఆరుబయట నిలబడొచ్చు, రోజూ ఆటకొచ్చే ముసలివాళ్లు అక్కడే చేరతారు, ఆట అర్థం కాలేదని చెబితే ఓపిగ్గా పూసగుచ్చినట్టు చెబుతారు. మా పిల్లలకి స్క్వీజ్ ప్లే, అంటే మూడో బేస్‌లో ఉన్నవాణ్ణి పరుగు చేయించడానికి బంతిని మెల్లగా తట్టే ఎత్తు, ఏంటో నేర్పింది వాళ్లే. క్లార్క్ వీధిలోని స్లగ్గర్స్ బార్ పై అంతస్తులో బ్యాటింగ్ వలలున్నాయి, క్రికెట్ ఆడిన కుర్రాళ్లు అక్కడికెళ్లాక కదలరు.

నా ఓటు మాత్రం షెఫీల్డ్‌లో దక్షిణంగా కాస్త దూరంలో ఉండే నీసే లౌంజ్‌కే. 1951 నాటి బార్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిర్బంధ శిబిరాల నుంచి బయటికొచ్చి షికాగోలో స్థిరపడ్డ జపనీస్ అమెరికన్ల పేట ఇదే కాబట్టి వాళ్ల కోసం మొదలైంది. హడావుడి లేదు, ధర సబబు. అక్కడ ఓల్డ్ స్టైల్ బీరు తీసుకోండి, షికాగో వాళ్లు తరతరాలుగా ఈ మైదానంలో తాగేది అదే. మాలోర్ట్ అని ఒక మందు పోస్తారు, అది నేలవేము కషాయంలా గొంతంతా చేదు పట్టిస్తుంది, ఒక్కసారి రుచి చూడండి. ఎక్కడికెళ్లినా గుర్తింపు కార్డు అడుగుతారు, ఇక్కడ వయసు 21, ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ చాలాచోట్ల ఒప్పుకోరు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. తాగనివాళ్లు, పిల్లలున్నవాళ్లు మైదానం పడమటి వైపు గల్లఘర్ వేలో పచ్చిక మీద కూర్చోండి, పాత కబ్స్ ఆటగాళ్లు ఎర్నీ బ్యాంక్స్, ఫెర్గీ జెంకిన్స్, రైన్ శాండ్‌బర్గ్ విగ్రహాలు అక్కడే.

ఆటయ్యాక అందరూ ఒక్కసారిగా అడిసన్ స్టేషన్ మీద పడతారు. మీరు అటు పోకండి. ఈ ఊళ్లో వీధుల నంబర్లు మైలుకి 800, అడిసన్ 3600, బెల్మాంట్ 3200, అంటే దక్షిణంగా అరమైలే. మెల్లగా నడుచుకుంటూ బెల్మాంట్ చేరితే అక్కడ రెడ్, బ్రౌన్ రెండు లైన్లూ ఉంటాయి. నేపర్‌విల్, అరోరా వైపు వెళ్లే మనవాళ్లు బ్రౌన్ లైన్ ఎక్కి క్విన్సీలో దిగితే, శివార్లకెళ్లే మెట్రా రైళ్లుండే యూనియన్ స్టేషన్ అయిదారు నిమిషాల నడక. రెడ్ లైన్లో దిగి బరువులు మోసుకుంటూ ఊరంతా నడవక్కర్లేదు.

ఆకలేస్తే ఇంటికి కాదు, మన కొట్లూ హోటళ్లూ ఉండే డెవాన్ వీధికి వెళ్లండి. ఉత్తరం వైపు రెడ్ లైన్లో లయోలా దాకా, అక్కడ్నుంచి 155 నంబరు బస్సు, మొత్తం ముప్పావుగంట. 1974లో ఇండియా సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు పెట్టింది ఈ డెవాన్ మీదే. ఉడుపి ప్యాలెస్‌లో దోసె, బిర్యానీ కావాలంటే ఘరీబ్ నవాజ్, అది బాగా పొద్దుపోయేదాకా ఉంటుంది, జేబుకి తేలిక. విద్యార్థులు నలుగురు కలిసి తిన్నా మైదానంలో ఇద్దరి తిండి ఖర్చవదు.

కారు మాత్రం తీసుకెళ్లొద్దు. రాత్రి ఆట రోజున చుట్టుపక్కల ఇళ్ల వీధుల్లో ఆ పేటవాళ్ల పర్మిట్ లేకుండా ఆపితే ఎత్తుకుపోతారు, ఇళ్ల వెనక సందుల్లో బోర్డు పట్టుకుని పిలిచేవాళ్లు 40 డాలర్లు పైనే అడుగుతారు. ఒకాయన మా కారు వెనక ఇంకో రెండు కార్లు పెట్టించి వెళ్లిపోయాడు, వాళ్లొచ్చేదాకా చంటిపిల్లతో గంటన్నర నిలబడ్డాం. తప్పనిసరిగా రాత్రి ఆటకే వెళ్లాల్సొస్తే మెట్రా ఆఖరి బండి ఎన్నింటికో పొద్దున్నే చూసి పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటాక గంటకొకటి కూడా దొరకని రోజులుంటాయి, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లేవాల్సొచ్చినా లేచి వచ్చేయండి.