టోర్నడో హెచ్చరికను ఇంట్లోనే విప్పి పటంపై గీయడం: ఐదేళ్ల వాడకం తరువాత

2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి తొమ్మిది గంటల వేళ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉత్తర డాలస్, రిచర్డ్‌సన్ ప్రాంతాల మీదుగా ఈఎఫ్-3 స్థాయి (సున్నా నుంచి ఐదు వరకు ఉండే తీవ్రత కొలమానంలో మూడు) టోర్నడో వెళ్లింది. మేము ఉండేది అక్కడికి ఉత్తరాన, ఫ్రిస్కోలో. ఆ రాత్రి పిల్లలను తీసుకుని మెట్ల కింది అరలో కూర్చున్నాం కానీ, ఆ సుడిగాలి మా వైపు వస్తోందో, పక్కనుంచి పోతోందో తెలియలేదు. వాతావరణ హెచ్చరికల కోసమే నడిచే ప్రభుత్వ రేడియోలో గొంతు ఊళ్ల పేర్లు చదువుతూనే ఉంది. ఆ కంగారులో వాటిని పటంతో పోల్చుకునే స్థితిలో ఎవరూ లేరు. 2020 వసంతం నుంచి నేను వాడుతున్న ఏర్పాటుకు కారణం ఆ రాత్రే.

ఏర్పాటు ఇది. పాత ల్యాప్‌టాప్‌కు చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌తో రేడియో వినడానికి వాడే చిన్న యూఎస్‌బీ పరికరం) తగిలించి, డాలస్ ప్రసార కేంద్రం కేఈసీ56ను 162.400 మెగాహెర్ట్జ్ వద్ద వింటాను. ఆ ధ్వనిలోని సంకేతాన్ని మల్టీమాన్-ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా మారుస్తుంది. నేను రాసుకున్న చిన్న పైథాన్ ప్రోగ్రాము వాటిని చదివి, జాతీయ వాతావరణ సేవ ఇంటర్నెట్‌లో ఇచ్చే హెచ్చరిక పూర్తి పాఠాన్ని కూడా తెచ్చుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లోని పటంపై గీస్తుంది. ఇందులో డబ్బు పెట్టి కొన్నది డాంగిల్, యాంటెనా మాత్రమే.

రేడియోలో హెచ్చరికకు ముందు వినిపించే ఆ గరగర శబ్దం పేరు సేమ్. హెచ్చరిక రకం, ప్రాంతం, గడువు సంకేతాలుగా ఉన్న ఒకే శీర్షికను సెకనుకు దాదాపు 521 బిట్ల వేగంతో మూడుసార్లు పంపుతారు. ఒకసారి చెడిపోయినా మిగిలిన రెండింటితో పోల్చి సరిచేసుకోవచ్చు. మల్టీమాన్-ఎన్‌జీ ఈ పనిని చక్కగా చేస్తుంది కానీ, అది ఇచ్చేది పచ్చి శీర్షికే. 048085 అంటే కాలిన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అని, టీఓఆర్ అంటే టోర్నడో హెచ్చరిక అని, ప్లస్ గుర్తు తరువాత 0045 ఉంటే గడువు 45 నిమిషాలు అని మనమే అర్థం చెప్పుకోవాలి. ఈ గడువు కూడా గంట లోపైతే పావుగంటల లెక్కన పైకి సవరించినదే కనుక, 37 నిమిషాల హెచ్చరిక కూడా శీర్షికలో 45గానే కనిపిస్తుంది. ఫ్రిస్కో వాసులకు మరో చిక్కు ఉంది. మా ఊరు కాలిన్, డెంటన్ కౌంటీల మధ్య చీలి ఉంది. గాలివాన ఎక్కువగా పడమటి నుంచే వస్తుంది కనుక డెంటన్ సంఖ్య 048121ను కూడా చేర్చుకోకపోతే ముందస్తు సమయం చేజేతులా పోగొట్టుకున్నట్లే.

అసలు కొరత సేమ్ పద్ధతిలోనే ఉంది. అది కౌంటీని మించి సన్నగా చెప్పలేదు. కాలిన్ కౌంటీ విస్తీర్ణం దాదాపు 2,300 చదరపు కిలోమీటర్లు; ఈశాన్య మూలన వడగళ్లు పడుతున్నా నైరుతి మూలన ఉన్న మా ఇంట్లో రేడియో పెట్టె మోగుతుంది. కానీ 2007 అక్టోబరు 1 నుంచి అమెరికాలో ఈ హెచ్చరికలు కౌంటీకి కాకుండా, గాలివాన దారిని బట్టి గీసిన బహుభుజికి జారీ అవుతున్నాయి. దాని మూలబిందువులు పాఠం చివర లాట్-లాన్ అనే వరుసలో నాలుగేసి అంకెలుగా ఉంటాయి: 3315 9682 అంటే ఉత్తర అక్షాంశం 33.15, పశ్చిమ రేఖాంశం 96.82. పశ్చిమం అనే మాట గానీ, రుణ గుర్తు గానీ అందులో ఉండదు. మొదటి రోజు నేను గుర్తు పెట్టడం మరచినందుకు డాలస్ హెచ్చరిక టిబెట్ పీఠభూమిలోని యూషూ దగ్గర తేలింది. ఇంకా పడమరగా, లబక్ వైపు వెళితే రేఖాంశం వంద దాటి ఐదు అంకెలవుతుంది. నాలుగేసి అంకెలుగా కోసుకుంటూ పోయే ప్రోగ్రాము అక్కడ తప్పటడుగు వేస్తుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు కాలానికి సంబంధించినది. ఈ సంకేతాల్లోని సమయాలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటాయి. వేసవి వేళల్లో ఇక్కడ సాయంత్రం ఏడు దాటితే యూటీసీలో తేదీ మారిపోతుంది, ఉత్తర టెక్సస్‌లో గాలివానలు ముదిరేదీ సరిగ్గా ఆ వేళకే. నా తొలి ప్రోగ్రాము వాటిని రేపటి హెచ్చరికలుగా భావించి పక్కన పెట్టేది. ఎండ కాసే మధ్యాహ్నాల్లో మాత్రమే పరీక్షించి చూసుకున్నవాడికి ఈ తప్పు ఎలా దొరుకుతుంది? ఇలాంటిది మీరూ రాసుకుంటే, పాత హెచ్చరికలపై నడిపి చూడండి; అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వారి మెసోనెట్ భాండాగారంలో బహుభుజులతో సహా అవన్నీ ఉచితంగా దొరుకుతాయి.

ప్రతి పాఠంలోనూ వీటెక్ అనే సంకేత వరుస ఒకటి ఉంటుంది. జారీ చేసిన కార్యాలయం, హెచ్చరిక రకం, వరుస సంఖ్య, అది కొత్తదా, కొనసాగింపా, రద్దా అన్నవి అందులోనే ఉంటాయి. గాలివాన ముందుకు సాగేకొద్దీ కార్యాలయం వెనుక భాగాన్ని కత్తిరించి బహుభుజిని చిన్నది చేస్తుంది. ఈ వరుసను చదవకపోతే పాతవి, కొత్తవి పటంపై ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. టెక్సస్, ఓక్లహోమా రాష్ట్రాల సరిహద్దైన ఎర్ర నది వద్ద మరో విశేషం కనిపిస్తుంది. నదికి ఇవతల కుక్, గ్రేసన్ కౌంటీలు ఫోర్ట్‌వర్త్ కార్యాలయానివి, అవతలి ఓక్లహోమా భాగం నార్మన్ కార్యాలయానిది. అందువల్ల అదే గాలివాన నది దాటగానే దాని బహుభుజి ఒడ్డున తెగి, మరో సంఖ్యతో మళ్లీ మొదలవుతుంది. పటంలో ఆ తిన్నని అంచును చూసి గాలివాన అక్కడ ఆగిందనుకోరాదు.

నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం పాఠం చివరి ట్యాగులు, అంటే వడగళ్ల పరిమాణం, గాలి వేగం చెప్పే చిన్న వరుసలు. ఒక అంగుళం వడగళ్లు లేదా గంటకు 58 మైళ్ల గాలి ఉంటే చాలు, తీవ్ర గాలివాన హెచ్చరిక వస్తుంది. 2021 నుంచి 1.75 అంగుళాలు లేదా 70 మైళ్లకు ఒక మెట్టు, 2.75 అంగుళాలు లేదా 80 మైళ్లకు అంతకు పై మెట్టు చేర్చారు. నా ప్రోగ్రాము అంగుళం దగ్గర తెరపై రంగు మారుస్తుంది, 1.75 దగ్గర కారును గ్యారేజీలోకి తెమ్మని ఫోనుకు సందేశం పంపుతుంది, టోర్నడో అయితే ఏ వేళైనా గట్టిగా మోగుతుంది. ఇంట్లో వాళ్లు దీన్ని నమ్మడం మొదలుపెట్టింది ఈ తేడా చూపడం మొదలైన తరువాతే.

బాపట్ల నుంచి మా అమ్మ ఫోనులో, "తుఫాను అంటే మూడు రోజుల ముందే చెబుతారు కదరా, దానికి ఇంత యంత్రాంగం ఎందుకు?" అని అడిగింది. అక్కడి వాయుగుండానికి రోజుల వ్యవధి ఉంటుంది, ఇక్కడి సుడిగాలికి నిమిషాలే.

2024 మే 28 ఉదయం డాలస్ ప్రాంతంలో గాలివానకు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మాకు ఇంటర్నెట్ కూడా పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద రేడియో సంకేతం మాత్రం అందుతూనే ఉంది. బహుభుజి దొరకనప్పుడు కౌంటీ మొత్తానికి రంగు వేయాలని ముందే రాసి పెట్టుకున్నందున పటం మొద్దుబారింది గానీ ఆగలేదు. కేవలం ఇంటర్నెట్ మీద నడిచే యాప్‌ల కన్నా ఈ ఏర్పాటును నేను మెచ్చుకునేది ఇందుకే. అలాగని వంటగదిలోని రేడియో పెట్టెను తీసేయలేదు. వేడెక్కిన డాంగిల్ పౌనఃపున్యం పక్కకు జరిగి, ఒకసారి రెండు గంటల పాటు ఏమీ వినిపించని సంగతి నేను గమనించనే లేదు. వారంవారీ పరీక్ష సంకేతం అందకపోతే నాకు తెలియజేసే ఏర్పాటును ఆ తరువాత చేర్చాను.

ఇక గీత గురించి. బిందువులు డిగ్రీలో నూరో వంతు వరకే ఉంటాయి, అంటే దాదాపు ఒక కిలోమీటరు. తెరపై మాత్రం అది వెంట్రుకవాసి గీతగా కనబడుతుంది. ఇల్లు ఆ గీతకు అర కిలోమీటరు బయట ఉంటే బయట ఉన్నట్లు కాదు. అందుకని మొదట చుట్టూ 5 కిలోమీటర్ల అంచు పెట్టుకున్నాను. పాఠంలోని కదలిక వరుస గాలివాన ఏ దిక్కు నుంచి వస్తోందో, ఎన్ని నాట్ల వేగంతో వస్తోందో చెబుతుంది; 35 నాట్లంటే గంటకు 65 కిలోమీటర్లు, అంటే ఆ అంచును దాటడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. పిల్లలను లేపి మెట్ల కిందికి చేర్చడానికి మాకు ఏడు నిమిషాలు పట్టిందని గడియారం పెట్టి చూసుకున్నాక, గాలివాన సాగుతున్న దిక్కున ఆ అంచును 8 కిలోమీటర్లకు పెంచాను.