స్పేసైడ్‌లో పీపాల వెంట: ఆరు రోజుల స్కాట్లాండు యాత్ర

2023 సెప్టెంబరులో నేనూ నా భార్యా స్కాట్లాండులో ఆరు రోజులు తిరిగాము. రెండు రోజులు ఎడిన్‌బరాలోనూ, నాలుగు రోజులు ఉత్తరాన స్పే నది పారే స్పేసైడ్ ప్రాంతంలోనూ ఉన్నాము. యాత్ర నా విస్కీ ముచ్చట కోసం పెట్టుకున్నది. ఆవిడ మద్యం ముట్టదు. "కొండలూ నదీ నేను చూస్తాను, పీపాలు మీరు చూసుకోండి" అనే షరతు మీద బయలుదేరింది. నా సంగతి చెప్పాలంటే, సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, అంటే ఒకే విస్కీ బట్టీలో, మొలకెత్తిన బార్లీతో చేసింది) తాగేవాడే రసికుడనీ, బ్లెండెడ్ స్కాచ్ (మాల్ట్‌కు వేరే గింజల విస్కీ కలిపింది) విందుల్లో సోడా పోసుకుని కానిచ్చేదనీ నమ్మే బాపతు మనిషిని. ఆ నమ్మకం ఏ ఊళ్ళో ఎలా సడలిందో, దారిలో ఏ బస బాగుందో, ఏ ఖర్చు దండగైందో ఇక్కడ రాస్తున్నాను.

ఎడిన్‌బరా కోట పక్కనే, రాయల్ మైల్ వీధిలో ఉన్న స్కాచ్ విస్కీ ఎక్స్‌పీరియన్స్ 1988 నుంచి నడుస్తోంది. ఏమీ తెలియకుండా వెళ్ళేవారికి అది మంచి ఓనమాల బడి. హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంబెల్‌టౌన్ అనే ఐదు ప్రాంతాల తేడాలను ఓపికగా చెబుతారు. క్లైవ్ విడిజ్ అనే బ్రెజిల్ దేశస్థుడు కూడబెట్టిన 3,384 సీసాలను ఒకే గదిలో చూపిస్తారు. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో 2021లో తెరిచిన జానీ వాకర్ భవనం మరో తీరు: అంతస్తుల మీద అంతస్తులు, దీపాల కాంతులు, పైకప్పు మీద కోట కనబడే బారు. ఒక్కటే చూసే తీరిక ఉంటే మొదటిదానికే వెళ్ళమంటాను. అయితే బ్లెండింగ్ చరిత్ర మీద నాకు ఆసక్తి పుట్టింది మాత్రం ఈ రెండో పేరు వెనక ఉన్న కథ వల్లనే.

స్కాచ్‌ను కలపడం అనే విద్యకు పేరు తెచ్చినవారిలో చాలామంది డిస్టిలరీ యజమానులు కారు, కిరాణా వర్తకులు. జాన్ వాకర్ 1820లో కిల్మార్నాక్ అనే ఊళ్ళో కొట్టు పెట్టాడు. ఆ కాలపు కొట్లలో రకరకాల టీ ఆకులను కలిపి, ఎప్పుడు కొన్నా ఒకే రుచి వచ్చేలా అమ్మడం మామూలే. పీపా పీపాకూ గుణం మారిపోయే మాల్ట్ విస్కీకి కూడా అదే వైద్యం పనికొచ్చింది. 1830 ప్రాంతంలో ఏనియస్ కాఫీ అనే ఆయన నిరంతరం నడిచే నిలువు బట్టీకి పేటెంట్ తీసుకున్నాడు (పేరు కాఫీ, కాచింది సారా). దానితో గోధుమ, మొక్కజొన్న వంటి గింజల నుంచి తేలికైన గ్రెయిన్ విస్కీ చవకగా రాసాగింది. సుంకం కట్టకముందే గిడ్డంగిలో మాల్ట్‌నూ గ్రెయిన్‌నూ కలుపుకోవచ్చునని 1860లో చట్టం వచ్చాక, ఎడిన్‌బరా వర్తకుడు ఆండ్రూ అషర్ వంటివారు ఈ వ్యాపారాన్ని ఎక్కడికో తీసుకువెళ్ళారు. స్కాచ్ ప్రపంచమంతా పాకిందంటే ఆ కలిపిన సీసాల పుణ్యమే. ఈ మాట విన్నప్పుడు తల ఊపాను గానీ, మనసులో ఒప్పుకోలేదు.

ఎడిన్‌బరా నుంచి అబర్డీన్ వరకు ఒక రైలు, అక్కడి నుంచి ఇన్వర్‌నెస్ దారిలో మరో రైలు ఎక్కి కీత్‌లో దిగాము. సముద్రం పక్కగా సాగే ఆ మొదటి ప్రయాణం కుడివైపు కిటికీ దగ్గర సీటు దొరికితే అద్భుతంగా ఉంటుంది. కారు అద్దెకు తీసుకోలేదు. 2014 డిసెంబరు నుంచి స్కాట్లాండులో 100 మి.లీ. రక్తానికి 50 మి.గ్రా. దాటి ఆల్కహాలు ఉంటే నేరం. ఇంగ్లండులో ఇంకా 80 దాకా అనుమతి ఉంది. అందుకే ఇక్కడి డిస్టిలరీలు బండి నడిపేవారికి వారి వంతును చిన్న సీసాల్లో పోసి ఇచ్చి పంపుతాయి. ఇది మెచ్చుకోదగ్గ పద్ధతి. మెచ్చుకోలేనిది టాక్సీల సంగతి: ముందు రోజే మాట్లాడుకున్న బండి రెండో రోజు ఉదయం రానే లేదు, ఫోను ఎత్తలేదు. చిరుజల్లులో నలభై నిమిషాలు నిలబడి చివరికి బస్సు పట్టుకున్నాము. ఎల్గిన్, క్రెయిగెలాకీ, డఫ్‌టౌన్ ఊళ్ళను కలిపే బస్సులు తక్కువే అయినా చెప్పిన వేళకు వచ్చాయి. ప్రణాళిక వాటి చుట్టూ వేసుకోవడమే మేలు.

బసల్లో మొదటిది పూర్తిగా పొరపాటు. బారు మీది గది, రాత్రి పదకొండు దాకా పాటలు, రాజుకోని హీటరు. శాకాహార భోజనం ఉందని రాసి ఉంటే నమ్మి వెళ్ళాము. వచ్చినవి ఉడికించిన బంగాళాదుంపలూ బఠాణీలూ. వెంట తెచ్చుకున్న కారప్పొడి ఆదుకుంది. ఆ గదికి రాత్రికి 110 పౌండ్లు ఇచ్చి, మర్నాడు డఫ్‌టౌన్‌లో 85 పౌండ్లకు ఒక ఇంటావిడ నడిపే మూడు గదుల బసలో చేరాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఆవిడ పొద్దున్నే ఓట్స్ జావ, పుట్టగొడుగులు, వేయించిన టమాటాలు పెట్టేది, తడిసిన బూట్లు పొయ్యి దగ్గర ఆరబెట్టేది, ఏ బస్సు ఎన్నింటికో చీటీ మీద రాసి ఇచ్చేది. ఆ ప్రాంతంలో పెద్ద హోటలు కంటే ఇటువంటి ఇళ్ళే నయం.

డఫ్‌టౌన్ అంచున ఉన్న గ్లెన్‌ఫిడిక్ డిస్టిలరీని విలియం గ్రాంట్ 1886లో కట్టడం మొదలుపెట్టాడు. 1887 క్రిస్మస్ నాడు మొదటి ధార కారింది. 1969లోనే సందర్శకుల కోసం తలుపులు తీసిన చోటు కనుక, జనాన్ని నడిపించడంలో వారికి చెయ్యి తిరిగింది. డగ్లస్ ఫర్ చెక్కతో చేసిన ఎత్తైన తొట్లలో బార్లీ రసం పులుస్తోంది. నురగ మీదికి వంగి చూసిన నా భార్య చప్పున వెనక్కి జరిగి, "అచ్చం ఎండెక్కిన తాటికల్లు వాసనండీ" అన్నది. ఆ మాట అక్షరాలా నిజం. ఆ దశలో అది విస్కీ కాదు, సుమారు ఎనిమిది శాతం ఆల్కహాలు ఉన్న పులిసిన రసం. దాన్ని రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, మొదట కారే ఘాటైన భాగాన్నీ చివర కారే మడ్డినీ పక్కకు తీసి, నడిమి ధారను మాత్రమే పీపాలకు పంపుతారు.

నా నమ్మకానికి మొదటి దెబ్బ అక్కడే తగిలింది. 15 ఏళ్ళ గ్లెన్‌ఫిడిక్ కోసం ఒక పెద్ద చెక్క తొట్టి ఉంది. దాన్ని ఎన్నడూ సగానికి మించి ఖాళీ చెయ్యరు, తీసినంత మేరకు వేర్వేరు రకాల పీపాల్లో మాగిన విస్కీని తెచ్చి నింపుతారు. అంటే సింగిల్ మాల్ట్ అనేది ఒకే పీపా సరుకు కాదు. ఒకే డిస్టిలరీలో పుట్టిన ఎన్నో పీపాలను ఒకరు ముక్కుతో తూచి కలిపినదే. సీసా మీది వయసు కూడా అందులో కలిసిన అతి చిన్న విస్కీ వయసు. ఇన్నాళ్ళూ నేను బ్లెండింగ్‌ను చిన్నచూపు చూస్తూ తాగిందంతా ఎవరో కలిపినదే అన్నమాట. పక్కనే ఉన్న బాల్వెనీ డిస్టిలరీకి నెలల ముందే చోటు చెప్పుకోవలసింది. మేము చెప్పుకోలేదు, ఆ తప్పు మాదే.

ఈ యాత్రలో ఒక్క చోటే చూడగలనంటే ఎవరికైనా నేను చెప్పేది క్రెయిగెలాకీలోని స్పేసైడ్ కూపరేజ్. 1947 నుంచి అక్కడ పీపాలు బాగుచేస్తున్నారు. పై అంతస్తులోని వసారా నుంచి కిందికి చూస్తే, పనివాళ్ళు తలెత్తకుండా ఉరుకులు పరుగుల మీద ఉంటారు, ఎందుకంటే కూలి పీపా లెక్కన. ఒకాయన పీపా చుట్టూ తిరుగుతూ సుత్తితో ఇనప కట్టును దించుతున్నాడు. ప్రతి దెబ్బకూ ఒక అడుగు, ఆ అడుగుకు మరో దెబ్బ, పక్కవాడి సుత్తి మోతతో కలిసి అది తాళంలా వినిపించింది. మూత పలకల సందుల్లో ఎండిన తుంగను ఇరికించి బిగిస్తున్నాడు. జిగురు లేదు, మేకు లేదు. మరో మూల ఖాళీ పీపా లోపల మంట పెట్టి గోడలను మాడుస్తున్నారు. ఆ మాడిన ఓక్ వాసన మెట్ల దాకా వచ్చింది. ఈ పని నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పడుతుందట.

పీపా అంత ముఖ్యం ఎందుకంటే, స్కాచ్ రంగూ రుచీ ఎక్కువ పాలు ఓక్ చెక్క నుంచే వస్తాయి. చట్ట ప్రకారం 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, స్కాట్లాండులోనే, కనీసం మూడేళ్ళు మాగాలి. అమెరికాలో బోర్బన్ అనే విస్కీకి కొత్త పీపాలే వాడాలి కాబట్టి, ఒకసారి వాడిన సుమారు 200 లీటర్ల పీపాలు ఇక్కడికి చేరతాయి. అవి వనిల్లా వంటి తీపిని ఇస్తాయి. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారాకు వాడిన 500 లీటర్ల పెద్ద పీపాలు ఎండుద్రాక్ష వాసనను ఇస్తాయి. మట్టి నేల, రాతి గోడలు, మూడు వరసల పీపాలు ఉన్న పాతకాలపు గిడ్డంగిలోకి అడుగు పెట్టగానే చల్లదనమూ తీపి గాలీ ఒకేసారి తగిలాయి. ఏటా రెండు శాతం దాకా ఆవిరై పోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ ఆవిరి మీద బతికే బూజు గిడ్డంగి గోడలనూ దగ్గరి చెట్లనూ మసి పూసినట్టు నల్లగా చేస్తుంది. మన వేడికి ఆ నష్టం చాలా ఎక్కువ, మాగడమూ తొందరగానే జరుగుతుంది. అందుకే బెంగళూరులో చేసిన మాల్ట్ కొద్ది ఏళ్ళకే సీసాకు సిద్ధమవుతుంది. ఊరికే ఏళ్ళు పెరిగితే గొప్పదన్న అభిప్రాయాన్ని కూడా ఆ గిడ్డంగి మనిషి కొట్టిపారేశాడు: ఎక్కువకాలం ఉంచితే చెక్క తప్ప మరేమీ మిగలదట. పాత బియ్యం మంచిదని పురుగు పట్టేదాకా దాచుకోము కదా.

చివరి రోజు కీత్‌లోని స్ట్రాతైలాకు వెళ్ళాము. 1786లో మొదలైన ఈ డిస్టిలరీ షివాస్ రీగల్ అనే బ్లెండ్‌కు ఆయువుపట్టు. జంట పగోడా కప్పులతో, పారే నీటి పక్కన, నేను చూసిన వాటిలో అన్నిటికంటే అందమైనది. అక్కడ మన చేతే బ్లెండ్ చేయిస్తారు. బల్ల మీద ఐదు సీసాలు, ఒక కొలత గొట్టం, ఒక చుక్కల గొట్టం, వంగిన అంచుల గాజు గ్లాసులు. అసలు బ్లెండర్లు ఆల్కహాలు 20 శాతం దగ్గరికి వచ్చేదాకా నీళ్ళు కలిపి వాసన మాత్రమే చూస్తారనీ, నాలుక మీద వేసుకునేది తక్కువనీ చెప్పగానే నా భార్య కుర్చీ ముందుకు లాక్కున్నది. ఏటా ఆవకాయ పెట్టేటప్పుడు ఆవపిండి ఘాటును వేలితో కాదు, ముక్కుతోనే తేల్చే మనిషి. "ఇది ఎండుద్రాక్ష. ఇది ఆపిల్ తొక్క. ఇదేమో పొగ పట్టిన అటక" అని వరసగా చెప్పుకుపోయింది.

నేను పొగ వాసన ఉన్నదాన్ని ధారాళంగా పోశాను. మిగతా నాలుగూ దాని కింద సమాధి అయ్యాయి. ఆవిడ సగానికి పైగా గ్రెయిన్ పోసి, మీద రెండు మాల్ట్‌లు సమంగా చేర్చి, పొగను చుక్కల గొట్టంతో ఐదు చుక్కలు వేసి ఆగింది. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆవిడ దానిలో పొగ చివర్లో, గడప దాటి వెళ్ళేవారి పైట కొంగులా తగిలింది. నా దానిలో మొదటి నుంచీ పొయ్యి రాజుతూనే ఉంది. గ్రెయిన్ అంటే కల్తీ అనుకున్న నాకు, మిగతా వాసనలు నిలబడేందుకు జాగా ఇచ్చేది అదేనని అప్పుడు అర్థమైంది. ఈ ఒక్క గంటకు పెట్టిన డబ్బు మొత్తం యాత్రలో అన్నిటికంటే గిట్టుబాటైనది.

తాగే తీరు గురించి కూడా ఒక మాట. అక్కడి పబ్బుల్లో ఒక కొలత 25 లేదా 35 మి.లీ.; మన పెద్ద పెగ్గు 60. గ్లాసులో పోసి కాసేపు వదిలి, వాసన చూసి, నీళ్ళు చుక్కలుగా కలుపుకుంటారు. సోడా కలిపితే నేరమని ఎవరూ మొహం చిట్లించరు. బ్లెండ్‌లకు అది పాత అలవాటే. మన దగ్గర చవకగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ కనుక, వాటిని తాగి స్కాచ్ బ్లెండ్‌లను అంచనా వేయడం న్యాయం కాదు.

వెళ్ళదలచినవారు డిస్టిలరీలకు రెండు నెలల ముందే చోటు చెప్పుకోవాలి, ఎండాకాలంలో మరమ్మతుల కోసం బట్టీలు ఆపే రోజులను తప్పించుకోవాలి, రోజుకు రెండు డిస్టిలరీలకు మించి పెట్టుకోకూడదు. ఐలా దీవికి మేము వెళ్ళలేదు. కెన్నక్రెయిగ్ రేవు నుంచి ఓడలో సుమారు రెండు గంటలు పడుతుంది, దానికి విడిగా నాలుగు రోజులు కావాలి. తిరుగు ప్రయాణంలో మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేదు కనుక చూసుకుని కొనుక్కోవాలి. స్ట్రాతైలాలో కలిపిన చిన్న సీసా మా ఇంట్లో అల్మరాలో ఉంది. చీటీ మీద బ్లెండర్ అన్నచోట నా భార్య పేరు రాసి ఉంటుంది. ఎవరైనా స్నేహితులు వస్తే పోసేది నేను, ఎన్ని చుక్కల నీళ్ళు వెయ్యాలో చెప్పేది ఆవిడ.