శ్రీశైలం ఘాట్‌కి ఏ సైకిల్ మేలు?

దూరాలు తిరగడానికి సైకిల్ కొనేవాళ్లు షాపులో ముందు అడిగేది బరువెంత అని. నేనైతే చిన్న గేరులో పెడల్ ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని మీటర్లు కదులుతుందో చూస్తాను. అది ఎంత తక్కువైతే ఎక్కడం అంత తేలిక. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రెండొందల కిలోమీటర్ల పైమాటే. నల్లమల అడవి మొదలయ్యే మన్ననూరు దాకా ఏ సైకిలైనా పోతుంది. వెనక పదిహేను కిలోల సామానుతో నల్లమల ఎక్కేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

మన పాత నల్ల సైకిల్‌కి సాధారణంగా ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనకదానికి 18. చుట్టుకి దాదాపు ఐదున్నర మీటర్లు. చదును మీద హాయి, ఘాట్‌లో దిగి తోసుకోవడమే. వానలో ఆ రాడ్ బ్రేకుల్ని నమ్ముకుని దిగడం మరీ భయం. కానీ బియ్యం బస్తా వేసినా క్యారియర్ కిక్కురుమనదు, టైరు ఏ చిన్న ఊళ్లో అయినా దొరుకుతుంది. కోనసీమ కాలవ గట్ల మీద వారం రోజులు తిరగాలంటే ఇప్పటికీ నా ఓటు దానికే.

రోడ్ బైక్, అంటే సన్నటి టైర్ల రేసు రకం సైకిల్, తేలిక, అంతే. ముందు 34, వెనక 28 పళ్లున్నా చుట్టుకి రెండున్నర మీటర్లు. క్యారియర్ బిగించే రంధ్రాలు చాలావాటికి ఉండవు. వెనక చక్రం దగ్గరగా ఉంటుంది కాబట్టి పక్కన బ్యాగు కడితే తొక్కినప్పుడల్లా మడమ తగులుతుంది.

సస్పెన్షన్ ఉన్న ఎంటీబీకి (మౌంటెన్ బైక్‌కి) చిన్న గేర్లున్నాయి, రెండు మీటర్ల లోపే. అయితే లేచి తొక్కితే ముందు ఫోర్కు కిందికీ పైకీ ఊగి కొంత బలం తినేస్తుంది. గుబ్బల టైర్లు తారురోడ్డు మీద రొద తప్ప ఏమీ ఇవ్వవు.

ఇక అసలైన టూరింగ్ సైకిల్: ఉక్కు ఫ్రేమ్, పొడుగు వెనకభాగం, ముందు 26, వెనక 34 పళ్లు. డబ్బుంటే వాదనే లేదు. ఉక్కు విరిగితే ఏ వెల్డింగ్ షాపులోనైనా అతుకుతారన్న మాట మాత్రం పూర్తిగా నమ్మకండి. ఆ సన్నటి గొట్టానికి ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు పడే ప్రమాదం ఉంది.

అంత ఖర్చు వద్దనుకుంటే సస్పెన్షన్ లేని హైబ్రిడ్ తీసుకోండి, రోడ్ బైక్‌కీ ఎంటీబీకీ మధ్యరకం అది. ముందు 28, వెనక 34 పళ్లుంటే చుట్టుకి 1.8 మీటర్లు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు చాలు. బ్రేకులు కేబుల్‌వే మేలు, ఆయిల్‌వి చెడితే పల్లెలో దిక్కుండదు. ట్యూబు వాల్వు మోటారు బైకులకుండే రకం అయితే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

వెనక చక్రానికి 36 స్పోకులు ఉండేట్టు చూసుకోండి. ఇది అనుభవంతో చెబుతున్నా. తక్కువ స్పోకుల చక్రంతో పోయినప్పుడు గేర్ల వైపు ఒకటి విరిగింది. కొత్తది వేయాలంటే ముందు గేర్ల గుత్తి ఊడదీయాలి, ఆ పనిముట్టు నా దగ్గరా లేదు, ఆ ఊరి మెకానిక్ దగ్గరా లేదు. చివరికి నేనూ సైకిలూ డీసీఎం వ్యానులో టమాటా పెట్టెల మధ్య ఇల్లు చేరాం.

షాపుకి పోయేటప్పుడు నిండు బ్యాగు వెంట తీసుకెళ్లండి. కట్టి, తొక్కి చూడండి. మడమ తగిలితే ఇంకోటి చూపించమనండి.